అమెరికా డిబేట్‌లో ఎవరు గెలిచారో మీరే తేల్చుకోవడం ఎలా?

2024 సెప్టెంబర్ 11 ఉదయం ఆరున్నర. ఫిలడెల్ఫియాలో అప్పటికి ఇంకా పదో తారీఖు రాత్రి తొమ్మిదే. అమెరికా అధ్యక్ష అభ్యర్థుల టీవీ డిబేట్ చూద్దామని నేను కాఫీ గ్లాసుతో టీవీ ముందు కూర్చున్నాను. కమలా హారిస్ నేరుగా ట్రంప్ దగ్గరికి నడిచివెళ్లి చెయ్యి చాపింది. డిబేట్ అయ్యేసరికి ఇక్కడ ఎనిమిది దాటింది. గ్లాసు కడిగేలోపే న్యూజెర్సీ నుంచి మా బావమరిది ఫోన్: "చూశావా బావా, ఉతికి ఆరేసింది!" పది నిమిషాలకి హ్యూస్టన్ నుంచి మా పెదనాన్నగారి అబ్బాయి: "హారిస్, ప్రశ్నలడిగే మోడరేటర్లిద్దరూ, ముగ్గురి మీద ఒక్కడే నిలబడ్డాడ్రా, ట్రంప్‌దే గెలుపు."

ఇద్దరూ చూసింది ఒకటే డిబేట్. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పే మనుషులు కారు. మరి తేడా ఎక్కడ వచ్చిందంటే, చూడ్డం మొదలుపెట్టకముందే ఇద్దరి చేతిలో చెరొక కొలత ఉంది, ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. ఎన్నికలొస్తే ఇంట్లో ఈ గొడవ తప్పడం లేదని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. కావలసినవి ఒక తెల్ల కాగితం, ఒక పెన్ను, ఫోన్ దూరంగా పెట్టే ఓపిక. మూడోదే కష్టం.

గెలుపు అంటే ఏమిటో ముందే రాసుకోండి

"ఎవరు గెలిచారు" అన్నది ఒక్క ప్రశ్నలా వినిపిస్తుంది కానీ అందులో మూడు ప్రశ్నలున్నాయి. ఎవరి వాదన నిలబడింది? చూసినవాళ్లలో ఎక్కువమంది ఎవరు బాగా చేశారనుకున్నారు? ఎవరికి ఓట్లు పెరిగాయి? మూడింటికీ ఒకే పేరు జవాబుగా వస్తుందనుకోవద్దు.

1984లో లూయీవిల్‌లో జరిగిన మొదటి డిబేట్‌లో అప్పటి అధ్యక్షుడు రీగన్ తడబడ్డాడు, ప్రత్యర్థి మాండేల్ పైచేయి సాధించాడు. నెల తిరిగేసరికి రీగన్ 49 రాష్ట్రాలు గెలిచాడు. మాండేల్‌కి దక్కింది సొంత రాష్ట్రం మిన్నెసోటా, దానితోపాటు రాజధాని వాషింగ్టన్. 2016లో హిల్లరీ క్లింటన్ మూడు డిబేట్లూ గెలిచిందని సీఎన్‌ఎన్ పోల్స్ చెప్పాయి. మొదటి డిబేట్ తర్వాత తేడా 62కి 27. ఆమె అధ్యక్షురాలు కాలేదు. 2012లో డెన్వర్‌లో ఒబామా మీద రామ్నీకి వచ్చిన ఆధిక్యం 67కి 25. రామ్నీ కూడా అధ్యక్షుడు కాలేదు.

కాబట్టి కాగితం పైభాగాన మీరు ఏ ప్రశ్నకి జవాబు వెతుకుతున్నారో ఒక్క వాక్యంలో రాయండి. నా కాగితం మీద ఎప్పుడూ మొదటి ప్రశ్నే ఉంటుంది. రెండోది పోల్స్ చూసుకుంటాయి. మూడోది నవంబర్‌లో తేలుతుంది, మనం ముందే జోస్యం చెప్పనక్కర్లేదు.

దాని కిందే మీ మనసు ఎటుందో కూడా రాసుకోండి. సిగ్గు పడకండి, ఆ కాగితం ఎవరికీ చూపించక్కర్లేదు. "హారిస్ గెలవాలి" అనో, "ట్రంప్ అంటే నచ్చదు కానీ ఆర్థిక విషయాల్లో నమ్ముతాను" అనో, ఏదుంటే అది. కాకి పిల్ల కాకికి ముద్దు. ఏ పిల్ల మీకు ముద్దో కాగితం మీద పెట్టుకుంటే తర్వాత మార్కులు వేసేటప్పుడు చెయ్యి కాస్త తడుముకుంటుంది. ఒక జవాబు విని ఒళ్లు మండితే, అదే మాట మీ మనిషి నోటినుంచి వచ్చి ఉంటే ఏమనేవారో ఒక్క క్షణం ఆలోచించండి.

ఆ రోజు ఎవరికి ఏం అవసరమో చూడండి

పోటీదారులిద్దరూ ఒకే పని మీద వేదిక ఎక్కరు. 1980 అక్టోబర్ 28న క్లీవ్‌లాండ్‌లో అప్పటి అధ్యక్షుడు కార్టర్, పోటీదారు రీగన్ ఎదురుపడేసరికి పోలింగ్‌కి వారమే ఉంది. కార్టర్ వర్గం అప్పటికే రీగన్‌ని యుద్ధాలు తెచ్చిపెట్టే ప్రమాదకరమైన మనిషిగా చూపిస్తూ వచ్చింది. ఇక రీగన్ చెయ్యాల్సిందల్లా టీవీలో మామూలు మనిషిలా, కంగారు లేకుండా కనిపించడమే. అలాగే కనిపించాడు. చివర్లో జనాన్ని ఒక్క మాట అడిగాడు: నాలుగేళ్ల కిందటికంటే ఇప్పుడు మీ పరిస్థితి బాగుందా? అంకెలన్నీ నోటికొచ్చిన కార్టర్ మాత్రం, అణ్వాయుధాల గురించి తన కూతురు ఏమందో చెప్పి నవ్వులపాలయ్యాడు.

2024 జూన్ 27న అట్లాంటాలో బైడెన్‌కి ఉన్న అవసరం ఇంకా చిన్నది. 81 ఏళ్ల వయసులో కూడా ఆలోచన, మాట చురుగ్గానే ఉన్నాయని చూపించాలి, అంతే. అది జరగలేదు. వాక్యం మధ్యలో తప్పిపోయాడు, గొంతు పీలగా ఉంది, నోరు తెరుచుకుని అలా చూస్తూ ఉండిపోయాడు. ఆ గంటన్నరలో ట్రంప్ చెప్పినవాటిలో నిజం కానివి చాలానే ఉన్నాయి, కానీ వాటి జోలికి జనం పెద్దగా పోలేదు. జూలై 21న బైడెన్ పోటీ నుంచే తప్పుకున్నాడు.

డిబేట్‌కి ముందు వారం పార్టీల మనుషులు టీవీల్లో కూర్చుని అవతలివాడు మహా వక్త అని పొగుడుతుంటారు. పరీక్షకి ముందు "నేనేం చదవలేదురా" అనే క్లాస్ ఫస్ట్ కుర్రాడు మీకు తెలిసే ఉంటాడు. ఇదీ అంతే. ఆ పొగడ్తలు పక్కనపెట్టి, ఒక్కొక్కరికీ ఆ రోజు అవసరమైంది ఏమిటో మీకు మీరే ఒక్కో లైను రాసుకోండి.

చూసేటప్పుడు చెయ్యి ఖాళీగా ఉంచకండి

అసలు పని ఇది. కాగితం మధ్యలో నిలువుగా గీత గీయండి. అటొకరు, ఇటొకరు. మోడరేటర్ ప్రశ్న అడగ్గానే ఆ ప్రశ్నని మూడు నాలుగు మాటల్లో అడ్డంగా రాసి, జవాబు కింద ఒకే ఒక్క అక్షరం వెయ్యండి. నేను వేసేవి ఇవి: అడిగినదానికి చెప్తే "జ", దాటేస్తే "దా", జవాబు మానేసి అవతలివాళ్ల మీద పడితే "ఎ", అంటే ఎదురుదాడి. ఎక్కడైనా కాస్త పస ఉన్న జవాబు, అంటే ఏం చేస్తారో, ఎలా చేస్తారో, డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చెప్పే జవాబు వినిపిస్తే "జ" పక్కన చుక్క. ఆ చుక్కలు ఎన్ని పడతాయో చూస్తే బాధ వేస్తుంది.

ఫిలడెల్ఫియా డిబేట్‌నే తీసుకోండి. మొదటి ప్రశ్న హారిస్‌కి, పైన చెప్పిన రీగన్ ప్రశ్న లాంటిదే: ఆర్థికంగా నాలుగేళ్ల కిందటికంటే అమెరికా జనం పరిస్థితి బాగుందని మీరు నమ్ముతున్నారా? ఆమె తాను మధ్యతరగతి ఇంట్లో పెరిగానని చెప్పింది, చిన్న వ్యాపారాల కోసం తన ప్రణాళిక చెప్పింది. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. "దా". తర్వాత ట్రంప్‌ని, ఉక్రెయిన్ ఈ యుద్ధం గెలవాలని కోరుకుంటున్నారా అని అడిగారు. యుద్ధం ఆగాలని కోరుకుంటున్నానన్నాడు. మళ్లీ అడిగారు. మళ్లీ అదే. రెండు "దా"లు. జాతీయ స్థాయిలో అబార్షన్ నిషేధం వస్తే వీటో చేస్తారా అంటే, ఆ అవసరమే రాదన్నాడు. ఇంకో "దా". కాగితం లేకుండా చూసినవాళ్లకి ఇవేవీ గుర్తుండవు, గొంతు ఎవరిది గట్టిగా వినిపించిందో అదే గుర్తుంటుంది. నోరున్నవాడిదే రాజ్యం అని ఊరికే అనలేదు.

ఇంకో గుర్తు కూడా పెట్టుకోండి: ఎర వేస్తే బాణం గుర్తు. అదే డిబేట్‌లో విషయం వలసల మీదికి వచ్చింది. ట్రంప్‌కి అది కంచుకోట లాంటి అంశం, హారిస్‌కి ఇబ్బంది. ఆమె తన వంతు చివర్లో, వీలైతే ఒకసారి ట్రంప్ సభలకి వెళ్లి చూడండి, జనం విసుగొచ్చి మధ్యలోనే లేచిపోతుంటారు అంది. వలసలకీ దానికీ సంబంధం ఏముంది? ఏమీ లేదు. కానీ ట్రంప్ వలసల ప్రశ్న వదిలేసి తన సభలకి జనం ఎంతమంది వస్తారో చెప్పడానికి దిగాడు. అక్కడినుంచి ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వలస వచ్చినవాళ్లు పెంపుడు కుక్కల్నీ పిల్లుల్నీ తింటున్నారన్నాడు. మోడరేటర్ డేవిడ్ మ్యూర్ అక్కడి నగర అధికారులతో మాట్లాడామనీ, అలాంటి నమ్మదగిన ఫిర్యాదులు లేవన్నారనీ అక్కడికక్కడే చెప్పాడు. నా కాగితం మీద ఆ చోట బాణం పక్కన రెండు గీతలున్నాయి. వాదన నాణ్యత చూస్తే హారిస్ చేసింది గొప్ప పనేం కాదు, ప్రశ్నని పక్కకి నెట్టడమే. కానీ తన బలమైన మైదానం వదిలి అవతలివాళ్లు గీసిన గీతలోకి వెళ్లడం పోటీలో పెద్ద తప్పు. ఈ రెండు లెక్కలూ విడివిడిగా వెయ్యండి, కలపకండి.

అవధానంలో పృచ్ఛకుడు మధ్యలో గంట కొట్టినా, అప్రస్తుత ప్రసంగం చేసినా అవధాని తన పద్యం ఎక్కడ ఆపాడో మరిచిపోడు. మన వాళ్లు అవధానిని మెచ్చుకునేది దానికే. డిబేట్ చూసేటప్పుడు నా కన్ను కూడా అక్కడే ఉంటుంది: పక్కదారి పట్టించినా తిరిగి అసలు ప్రశ్నకి రాగలిగింది ఎవరు?

ఒక పది నిమిషాలు టీవీకి వీపు పెట్టండి

1960 సెప్టెంబర్ 26న షికాగోలో కెన్నెడీ, నిక్సన్ తలపడ్డారు. అధ్యక్ష పదవి కోసం రెండు పార్టీల అభ్యర్థులు టీవీలో ఎదురెదురు పడడం అదే మొదలు. నిక్సన్ అంతకుముందే మోకాలి ఇన్ఫెక్షన్‌తో ఆస్పత్రిలో ఉండి బరువు తగ్గాడు. సరైన మేకప్ వద్దన్నాడు. బూడిద రంగు సూటు వెనక గోడలో కలిసిపోయింది, నుదుటి మీద చెమట. రేడియోలో విన్నవాళ్లు నిక్సన్ గెలిచాడన్నారనీ, టీవీలో చూసినవాళ్లు కెన్నెడీ గెలిచాడన్నారనీ ఒక కథ అప్పటినుంచీ తిరుగుతోంది. మీరూ ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. దానికి ఆధారం ఒక సర్వే, అందులో రేడియో శ్రోతలు బాగా తక్కువ. పైగా అప్పటికి రేడియో మాత్రమే ఉన్న ఇళ్లు ఎక్కువ పల్లెల్లోనివి కావచ్చు, అక్కడ ముందునుంచీ నిక్సన్ అభిమానులే ఎక్కువ ఉండొచ్చు. అందుకే చరిత్రకారులు ఆ కథని అంత గట్టిగా నమ్మరు.

అలాగని బొమ్మ ప్రభావం లేదని కాదు. జేమ్స్ డ్రక్‌మన్ అనే పరిశోధకుడు ఆ పాత డిబేట్‌నే ఆ సంగతులేవీ తెలియని కుర్రకారులో కొందరికి వినిపించి, కొందరికి చూపించి 2003లో ఫలితాలు ప్రచురించాడు. చూసినవాళ్లే కెన్నెడీ వైపు ఎక్కువ మొగ్గారు.

అందుకే మధ్యలో ఒక పది నిమిషాలు వంటింట్లోకి వెళ్లి ఉల్లిపాయలు తరుక్కుంటూ వినండి. ఆ పది నిమిషాల మార్కులు విడిగా వెయ్యండి. బొమ్మతో వేసిన మార్కులకీ వీటికీ బాగా తేడా ఉంటే, మిమ్మల్ని కదిలించింది మాట కాదు, మొహం. మొహం లెక్కలోకి రాకూడదని నేననను. అధ్యక్షుడయ్యే మనిషి కంగారు పడతాడో లేదో చూడాల్సిందే. కానీ మొహానికి మార్కులు వేస్తూ వాదనకి వేస్తున్నాననుకోకూడదు.

అవతలివాళ్లు మాట్లాడుతున్నప్పుడు వీళ్లేం చేస్తున్నారన్నది కెమెరాకి భలే ఇష్టం. 1992లో రిచ్‌మండ్‌లో పెద్ద బుష్ చేతి గడియారం చూసుకున్నాడు, 2000లో బోస్టన్‌లో అల్ గోర్ బుష్ మాటలకి గట్టిగా నిట్టూర్చాడు. ఇద్దరి వాదనలూ ఎవరికీ గుర్తులేవు. (1976లో ఫిలడెల్ఫియాలోనే సౌండ్ పోతే అప్పటి అధ్యక్షుడు ఫోర్డ్, పోటీదారు కార్టర్ 27 నిమిషాలపాటు ఒకరితో ఒకరు మాట్లాడకుండా మైకుల వెనక అలాగే నిలబడ్డారు. ఆ 27 నిమిషాలూ నా లెక్కలో డ్రా.)

జోకులకి కూడా జాగ్రత్త. 1984 రెండో డిబేట్‌లో వయసు గురించి అడిగితే, ప్రత్యర్థి చిన్న వయసునీ అనుభవం లేకపోవడాన్నీ నేను రాజకీయానికి వాడుకోను అన్నాడు రీగన్. మాండేల్ కూడా నవ్వేశాడు. వయసు ప్రశ్న అక్కడితో ఆగిపోయింది. అడిగిన ప్రశ్న మాత్రం, సంక్షోభం వచ్చి రాత్రింబవళ్లు మేలుకోవాల్సి వస్తే తట్టుకోగలరా అని. నవ్వండి, నవ్వాక "జ"నా "దా"నా అని మళ్లీ చూసుకోండి.

అంకెలు, ఆరోపణలు వినిపించిన చోటల్లా ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి. అప్పుడే వెతకడం మొదలుపెడితే తర్వాతి రెండు జవాబులు పోతాయి. ఫ్యాక్ట్ చెక్‌లు మర్నాడు చదవండి. చదివేటప్పుడు ఎన్ని తప్పులని లెక్కపెట్టకండి, ఎలాంటి తప్పులో చూడండి. లక్షల్లో చెప్పాల్సింది కోట్లలో చెప్పడం నోరు జారడం కావచ్చు. లేని సంఘటనని జరిగిందని చెప్పడం వేరు.

అయిపోగానే టీవీ కట్టేయండి

చివరి మాట అవ్వగానే తెర మీద స్పిన్ రూమ్ తెరుచుకుంటుంది. రెండు పార్టీల పెద్దలూ వరసగా వచ్చి మా మనిషే గెలిచాడంటారు. అది వినకముందే మీ తీర్పు మూడు వాక్యాల్లో రాయండి, కింద టైమ్ వేసుకోండి. ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్తాను.

1976 అక్టోబర్ 6, శాన్ ఫ్రాన్సిస్కో. తూర్పు యూరప్ మీద సోవియట్ ఆధిపత్యం లేదన్నాడు ఫోర్డ్. అప్పటికి పోలండ్, హంగరీ, చెకోస్లొవేకియా ఎవరి గుప్పిట్లో ఉన్నాయో లోకానికంతా తెలుసు. ప్రశ్న అడిగిన విలేకరి ఆశ్చర్యపోయి మళ్లీ అడిగినా వెనక్కి తగ్గలేదు. విచిత్రం ఏమిటంటే, డిబేట్ అయిన వెంటనే ఫోన్ చేసి అడిగితే ఫోర్డ్ బాగా చేశాడన్నవాళ్లే ఎక్కువ. టీవీలూ పేపర్లూ ఆ ఒక్క వాక్యం పట్టుకున్నాక, మర్నాడు సాయంత్రానికి గాలి పూర్తిగా కార్టర్ వైపు తిరిగింది. జనం రెండోసారి డిబేట్ చూసి మనసు మార్చుకోలేదు కదా. డిబేట్ గురించి విని మార్చుకున్నారు.

ఇప్పుడు మర్నాటి సాయంత్రం దాకా కూడా ఆగక్కర్లేదు, డిబేట్ జరుగుతుండగానే వాట్సాప్‌లో క్లిప్పులు వచ్చిపడతాయి. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే గ్రూపులు మనకేం తక్కువ కాదు. క్లిప్ ఎవరు కత్తిరించారో, దాని ముందు ప్రశ్న ఏమిటో మీ కాగితంలో ఉంటుంది. అదే దాని ఉపయోగం.

పోల్స్ చదివేటప్పుడు

వెబ్‌సైట్లో ఎవరైనా నొక్కగలిగే పోల్‌ని అసలు లెక్కలోకి తీసుకోకండి. 2016లో క్లింటన్‌తో మొదటి డిబేట్ తర్వాత ట్రంప్ తానే గెలిచానని చూపించిన పోల్స్ చాలావరకు అలాంటివే. ఓపికున్నవాడు పదిసార్లు నొక్కుతాడు. నమ్మదగినవి ముందుగా ఎంచుకున్న ఓటర్లని డిబేట్ అయ్యాక మళ్లీ అడిగేవి. వాటిలోనూ మొదట చూడాల్సింది గెలిచినవాడి శాతం కాదు, ఆ రోజు చూసినవాళ్లలో ఏ పార్టీవాళ్లు ఎక్కువున్నారన్నది. తర్వాత, డిబేట్‌కి ముందు వాళ్లు ఎవరు బాగా చేస్తారని అనుకున్నారన్నది. ఇక ఎవరు గెలిచారన్న ప్రశ్నకి సీఎన్‌ఎన్ పోల్‌లో 2024 జూన్‌లో ట్రంప్‌కి 67, బైడెన్‌కి 33. సెప్టెంబర్‌లో హారిస్‌కి 63, ట్రంప్‌కి 37. వీటి కిందే ఇంకో ప్రశ్న ఉంటుంది, దాని దాకా ఎవరూ పోరు: ఈ డిబేట్ వల్ల మీ ఓటు మారిందా? రెండుసార్లూ ఐదుగురిలో నలుగురు ఏమీ మారలేదన్నారు. నవంబర్‌లో గెలిచింది ట్రంప్: రాష్ట్రాలవారీగా వచ్చే ఎలక్టోరల్ ఓట్లు ఆయనకి 312, హారిస్‌కి 226.

మా బావమరిది కాగితం

ఇదంతా వినీ వినీ వాడు చివరికి ఆ అక్టోబర్ 1న న్యూయార్క్‌లో జరిగిన ఉపాధ్యక్ష డిబేట్‌కి కాగితం పెట్టుకుని కూర్చున్నాడు. ట్రంప్ జట్టు నుంచి వాన్స్, హారిస్ జట్టు నుంచి వాల్జ్. వాన్స్ భార్య ఉషా చిలుకూరి మూలాలు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో ఉన్నాయి. మావాళ్లదీ గోదావరే. మర్నాడు ఫొటో తీసి పంపాడు. మనసు ఎటుందో రాసే చోట ఇలా ఉంది: "పార్టీ కమలది. అల్లుడు మనవాడు. చాలా ఇబ్బందిగా ఉంది."

కింద వాల్జ్ వైపు, 1989లో చైనాలో తియానన్మెన్ నిరసనల సమయంలో హాంకాంగ్‌లో ఉన్నానని ఎందుకు చెప్పారు అన్న ప్రశ్న దగ్గర "దా, దా", పక్కన చెమట చుక్క బొమ్మ. వాన్స్ వైపు దాదాపు అన్నీ "జ"లే, రెండు చుక్కలు కూడా. ఆఖర్న మాత్రం, 2020లో ట్రంప్ ఓడిపోయాడా అని వాల్జ్ సూటిగా అడిగిన చోట, నా దృష్టి భవిష్యత్తు మీదుంది అన్న జవాబు కింద కాగితం చిరిగేలా రాసిన పెద్ద "దా" ఉంది. తీర్పు: "మాటలో అల్లుడు. ఆ ఒక్క ప్రశ్నకి చెప్పి ఉంటే ఇంకా బాగుండేది. రాత్రి 10:52."

సీఎన్‌ఎన్ పోల్‌లో వాన్స్‌కి 51, వాల్జ్‌కి 49 వచ్చాయి. ఆ సంగతి చెబుదామని ఫోన్ చేస్తే, "నా కాగితం నా దగ్గరుంది కదా బావా, వాళ్లదెందుకు" అని పెట్టేశాడు.